కిల్మోయ్ టీచర్ గంగాళం

దొంగ గంగాళాన్ని ఎత్తుకుపోయాడు. అందులో ఉన్న కరివేపాకు మొక్కను మాత్రం వేళ్ళు చెదరకుండా బకెట్లోకి మార్చి, చుట్టూ మట్టి నొక్కి, నీళ్ళు పోసి మరీ వెళ్ళాడు. మెల్బోర్న్‌లో ఇరవై ఏళ్ళకు పైగా రకరకాల దొంగలను చూశాను గానీ ఇంత మర్యాదస్తుణ్ణి ఎన్నడూ చూడలేదు.

నా పేరు అమూల్య. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చాలాకాలం చేశాను. మేనేజరుతో పడక మానేసి సొంతంగా డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్నాను. పాత గంగాళం కోసం నేను ఊరు దాటి వెళ్తానని ఎవరైనా అని ఉంటే నవ్వేదాన్ని. కానీ ఆ బుధవారం మధ్యాహ్నం ఫోన్లో ఒక ముసలి గొంతు, "మా, నా గంగాళం ఎవడో ఎత్తుకపోయినాడు మా. పోలీసులు కేసు నంబరు ఇచ్చి ఊరకుండారు. నువ్వన్నా రా" అంది. అచ్చం మా వైపు మాట. నాది గుత్తి. ఆమెది పక్కనే గుంతకల్లు. ఆ యాస విని ఎన్నేళ్ళయిందో లెక్క పెట్టుకునే లోపలే కారు తాళాలు నా చేతిలో ఉన్నాయి.

క్లైడ్ నార్త్‌లో ఆ ఇంటి తలుపు తీసినావిడను చూసి ఒక్క క్షణం తడబడ్డాను. ఎనభై రెండేళ్ళు. పూలగౌను, మీద ఊలు కోటు, మెడలో జపమాల, పిల్లి కళ్ళు. పేరు నోరీన్ కిల్మోయ్. గుంతకల్లు రైల్వే స్కూల్లో ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పిన ఆంగ్లో ఇండియన్ టీచరు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు క్లైవ్ కుటుంబంతో పాటు ఇక్కడికి వచ్చింది. తమ్ముడు పోయాక మేనకోడలి దగ్గర ఉంటోంది.

"టీచర్, పొద్దున ఎన్నింటికి ఇల్లు వదిలినారు?"

"తొమ్మిదింపావుకి. బుధవారం మాస్‌కి పోతాను గదా. మేనకోడలు చర్చి కాడ దింపి ఆఫీసుకి పోయింది. పదకొండుకి పక్కింటామె తెచ్చి వదిలింది. బ్యాక్ డోర్ తీస్తే గంగాళం లేదు."

"ఇంట్లో ఇంకేమన్నా పోయిందా?"

"ఏం లేదు మా. టీవీ ఉండాది, లాప్‌టాప్ ఉండాది, నా గొలుసు ఉండాది. క్లైవ్ కూడా ఉండాడు."

ఆమె చూపు వెంట చూస్తే గోడ అలమరలో ఒక చెక్కపెట్టె కనిపించింది. క్లైవ్ చితాభస్మం. రెండేళ్ళుగా అక్కడే ఉందట.

"వాడు పోయే ముందు నా చెయ్యి పట్టుకోని, 'నోరీ, మనం యాడనుంచి వస్తిమో ఆ మట్టిలో కలపు' అన్నాడు. యాడనుంచి వస్తిమో తెలిస్తే గదా కలిపేది?"

తెలిసింది కొంచెమే. ముత్తాత ఐర్లండు నుంచి తెల్ల సిపాయిగా మద్రాసు వచ్చి, పటాలం వదిలి గుంతకల్లు రైలు లైను వేసే పనిలో చేరాడు. అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. కొడుకుకు ఆరేళ్ళప్పుడు, కరువు సంవత్సరం, కలరాతో పోయాడు. ఆ కొడుకు జేమ్స్ కిల్మోయ్, నోరీన్ టీచరుకు తాత. ఏ ఊరివాడో ఆ ముత్తాత ఎవరికీ చెప్పలేదు. చెప్పాడేమో, గుర్తు పెట్టుకున్నవాళ్ళు మిగల్లేదు.

"మన దేశంలో ఎవడు కనబడినా ఫస్ట్ అడిగేది అదే గదా మా, మీదే ఊరు అని. పిల్లోల్ల అమ్మానాయనలు అడుగుతాండ్రి, ఇన్స్‌పెక్టరు అడుగుతాండె. రైల్వే క్వార్టర్స్ అని చెప్తాంటి. నవ్వుతాండ్రి. ఈడికొస్తే ఈండ్లూ అదే అడుగుతారు. గుంతకల్లు అంటే, కాదు కాదు, రియల్లీ ఎక్కడ అంటారు." ఆమె ముక్కు తుడుచుకుంది. "క్లైవ్ పాపం, చివర్లో మతి తప్పిండె. హాస్పిటల్లో నర్సు, 'వేర్ ఈజ్ హోమ్, డార్లింగ్' అని అడిగితే, 'కిల్మోయ్' అంటాడు. ఊరడిగితే పేరు చెప్పేది. నేను టీచర్ని గదా, రోజూ దిద్దుతాంటి. అది నీ పేరు క్లైవ్, ఊరు కాదు అని. మళ్ళా మర్నాడు అదే."

నేను లేచాను. "వెనక వరండా చూపించండి" అన్నాను.

పక్క గేటుకు తాళం లేదు. తడి గడ్డి మీద గేటు దాకా రెండు చక్రాల చారలు. సామాన్లు మోసే ట్రాలీ తెచ్చుకున్నాడన్నమాట. బకెట్టు కొత్తది, అడుగున ధర చీటీ కూడా ఊడదీయలేదు. టీచరు వాళ్ళది కాదు. అంటే మొక్కను ఏం చెయ్యాలో ఇంటి దగ్గరే ఆలోచించుకుని వచ్చాడు. ఇత్తడి కోసం వచ్చిన తుక్కు దొంగ అయితే మొక్కను పీకి గడ్డిలో విసిరేసేవాడు. ఈ చలి ఊళ్ళో కరివేపాకు మొక్కను బతికించడం ఎంత కష్టమో, అది చచ్చిపోతే ఒక ఇల్లాలు ఎంత ఏడుస్తుందో తెలిసిన ఇంట్లో పెరిగినవాడే ఆ బకెట్టు తెచ్చాడు. వాడు మనవాడే.

"టీచర్, ఈ మధ్య ఇంటికి వచ్చిపోయిన తెలుగోల్లు ఎవరు?"

"భార్గవ్ ఒక్కడే. మంచి పిల్లోడు మా. వాడే గదా మా ఊరు కనుక్కునింది."

"ఊరు దొరికిందా?"

"రాస్కామన్ అంట. శనివారం ఫ్లైట్. నేనూ, మేనకోడలూ, క్లైవూ." మాట సంతోషంగానే ఉంది గానీ మొహం అంత సంతోషంగా లేదు.

భార్గవ్ నాకు తెలియనివాడేం కాదు. విదేశాల్లో ఉన్నవాళ్ళకు పాత రికార్డులు వెతికి పూర్వీకుల ఊరు చూపించే కంపెనీ పెట్టాడు. మన తెలుగు పత్రికల్లో కూడా వాడి ఇంటర్వ్యూలే. వాడి రిపోర్టును టీచరు నా చేతిలో పెట్టింది. సారాంశం చిన్నది. కిల్మోయ్ అనే ఇంటిపేరుతో ఐర్లండు రికార్డుల్లో ఒక్క మనిషి కూడా లేడు, కాబట్టి అది గుమాస్తాల పొరపాటు, అసలు పేరు కిల్‌రాయ్. ఆ పేరుతో మద్రాసు వచ్చిన సిపాయి ఒకడున్నాడు, వాడిది రాస్కామన్ జిల్లా. అక్కడి కిల్‌రాయ్ వంశంవాళ్ళు ఆదివారం సభ పెట్టి, చర్చి తోటలో క్లైవ్ పేరుతో రాయి పాతుతున్నారు.

"మీరు నమ్మినారా?"

"నమ్మల్లని ఉండాది మా" అంది.

ఇక మిగిలింది ఆ గంగాళం ఎందుకన్నదే. ఫ్రిజ్ మీద ఒక ఫోటో అంటించి ఉంది. వెనక వరండాలో కుర్చీ వేసుకుని టీచరు, పక్కన చిలుం పట్టిన పెద్ద ఇత్తడి గంగాళం, అందులో మొక్క. పోయిన నెల భార్గవే తీసి తన వెబ్‌సైట్లో పెట్టుకున్నాడట. ఫోన్లో ఆ వెబ్‌సైటు తెరిచాను. ఫోటో ఉంది, టీచరు నవ్వుతూనే ఉంది. గంగాళం ఉన్న సగం మాత్రం కోసేశారు.

ఫ్రిజ్ మీది ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. గంగాళం అంచు కింద, ఆకుపచ్చ చిలుం మధ్య, చుక్కల వరస.

"ఇదేంది టీచర్, ఈ చుక్కలు?"

"ముగ్గేమో అనుకుంటి. మా తాతవాళ్ళమ్మది ఆ గంగాళం. అందుకే మేం అవ్వ గంగాళం అంటాం."

"మీకు తెలుగు చదవడం?"

"మాట్లాడ్డమే మా. మా స్కూల్లో ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజి హిందీ. క్లైవ్‌కీ అంతే."

మా ఇళ్ళల్లో పెళ్ళికి పెట్టిన ప్రతి పాత్ర మీదా పేరు కొట్టిస్తారు. చిన్న ఉలితో చుక్కా చుక్కా పొడిచి అక్షరం కడతారు. నేను అమ్మమ్మ చెంబు మీదే అక్షరాలు నేర్చుకున్నాను. ఫోటోలో చిలుం కింద అంతా మూసుకుపోయింది, ఒక్క మాట మాత్రం తేలింది. 'భార్య' అని.

ముగ్గు కాదు అది. నూటయాభై ఏళ్ళుగా ఈ కుటుంబం చేతుల మీద తిరుగుతూ, ఎవ్వరూ చదవని పేరు.

"టీచర్, మీరు బుధవారం మాస్‌కి పోతారని భార్గవ్‌కి తెలుసా?"

"నిన్న సాయంత్రం ఫోన్ చేసినాడు. రేపు పొద్దున ఇంట్లో ఉంటారా ఆంటీ అని. ఉండను నాయనా, పదకొండు దాకా చర్చి అంటి. అయితే వద్దులే అన్నాడు." ఆమె నా మొహం చూసి ఆగిపోయింది. "వాడు ఏమిటికి తీసుకపోతాడు మా?"

"అదే అడిగొస్తాను" అన్నాను.

టార్నీట్ అంటే ఊరికి ఆ చివర. దారంతా పళ్ళు కొరుక్కుంటూనే నడిపాను. తాడికొండ భార్గవ్ ఆఫీసు అంటే వాళ్ళ ఇంటి ముందుగది. గోడంతా ఐర్లండు మ్యాపు, దాని మీద గుండుసూదులు, పక్కన టీచరు తాత జేమ్స్‌ను చేర్చుకున్న ఫాదరీల స్కూలు రికార్డు నకలు. ముప్పై ఏళ్ళవాడు, ఇక్కడే పుట్టాడు, గడ్డం నీటుగా కత్తిరించుకున్నాడు. కుర్చీ చూపించి, "చెప్పండి ఆంటీ" అన్నాడు.

నన్ను ఆంటీ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఓర్చుకున్నాను. "నోరీన్ టీచరు ఇంట్లో పొద్దున దొంగతనం జరిగింది."

"ఓ నో. షీ ఓకే? నేనేం హెల్ప్ చెయ్యగలను? ఆ పాట్‌కి వేల్యూ కూడా ఉండదు, ఎవడు తీసుకుంటాడు ఆంటీ?"

"పాట్ అని నేననలేదే నాయనా."

ఇది చాలా పాత ఎత్తు. ఇప్పటికీ పనిచేస్తుంది. వాడి చెయ్యి గడ్డం మీదికి పోయింది.

"వాళ్ళ నీస్ మెసేజ్ పెట్టింది."

"ఆ అమ్మాయికి ఇంకా తెలియదు. మీటింగులో ఉందని టీచరు చెప్పలేదు. వెబ్‌సైట్లో ఫోటో ఎందుకు కోశావు?"

"అది డిజైన్ డెసిషన్."

"బకెట్టు కూడా డిజైన్ డెసిషనేనా? ధర చీటీ ఉంది. ఏ షాపులో, ఎన్నింటికి కొన్నావో రేపటికి తెలిసిపోతుంది. నువ్వు చెబితే ఇవాళే తెలుస్తుంది."

వాడు లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఆంటీ, లిసెన్. ఆమెకి ఎయిటీ టూ. ఆమెకి కావలసింది ఒక ఊరు. ఐ గేవ్ హర్ వన్. అక్కడ నలభై మంది పీపుల్ వెయిట్ చేస్తున్నారు, హగ్ చేసుకుంటారు, సాంగ్స్ పాడతారు. క్లైవ్ అంకుల్‌కి స్టోన్ రెడీగా ఉంది. ఇప్పుడు వచ్చి అది రాంగ్ అంటే ఆమెకి ఏం మిగులుతుంది? చెప్పండి. నథింగ్. ఎవరికి యూజ్ అది?"

ఆ మాటలో కొంచెం నిజం ఉంది. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. "ఆ మనిషి తమ్ముణ్ణి తీసుకుపోయి ఎవరివో పొలాల్లో కలిపేసి వస్తుంది. అక్కడ కౌగిలించుకునేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, కానీ టీచరు మనుషులు కాదు. నువ్వు చేసిన తప్పు నీకు ఎప్పుడు తెలిసింది? రిపోర్టు ఇచ్చే ముందా, ఇచ్చాకా?"

"ప్రూఫ్ ఏదీ లేదు ఆంటీ. మీరు ఊరికే గెస్ చేస్తున్నారు. ఆ పాట్ నా దగ్గర లేదు. కావాలంటే నా కార్ చూసుకోండి."

అంత ధైర్యంగా అనేసరికి నాకే అనుమానం వచ్చింది. నిజంగా లేదేమో, అప్పుడే ఎక్కడికో తరలించాడేమో అనుకున్నాను. నేను ఇంకో మాట అనేలోపే తలుపు తెరుచుకుని వాళ్ళ నాయనమ్మ కాఫీ పట్టుకుని వచ్చింది. విద్యావతమ్మగారు. నేతచీర, నెరిసిన జుట్టు, మోచేతుల దాకా తడి. నాకు గ్లాసు అందించి మనవడి వైపు తిరిగింది.

"ఒరేయ్ భార్గవా, ఆ గంగాళం తోమేశానురా. రెండు గుప్పిళ్ళ చింతపండు పట్టింది. అంత మంచి పాత్రని గరాజీలో దుప్పటి కప్పి పడేస్తావా? చిలుం కమ్మేసి ఉంటే చూడలేకపోయాను బాబూ. పెరట్లో ఎండకి పెట్టా."

భార్గవ్ కళ్ళు మూసుకున్నాడు.

పదేళ్ళుగా రికార్డులు వెతికేవాడు, వెబ్‌సైటు మార్చాడు, ట్రాలీ తెచ్చాడు, బకెట్టు కొన్నాడు. తన ఇంట్లో ఒక తెలుగు పెద్దావిడ ఉందని, చిలుం పట్టిన ఇత్తడి పాత్ర ఆవిడ కంటపడితే సాయంత్రానికి తళతళలాడుతుందని మాత్రం మర్చిపోయాడు. నేను కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి పెరట్లోకి నడిచాను.

గంగాళం గడ్డి మీద బోర్లించి ఉంది. ఫోటోలో చూసింది ఇదేనా అనిపించింది. ఎండ పడి పచ్చగా మెరుస్తోంది. అంచు కింద చుక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా లేచి నిలబడ్డాయి. మోకాళ్ళ మీద కూర్చుని, తలకిందులుగా ఉన్న అక్షరాల కోసం మెడ వంచి చదివాను.

'కిల్మోయి వారి హోగను మార్టిను గారి భార్య ఆదెమ్మ.'

మళ్ళీ ఒకసారి చదివాను, ఈసారి బయటికి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నేను మొన్న ఫోటోలో మొదటి రెండు మాటలే పోల్చుకున్నాలే" అంది విద్యావతమ్మగారు వెనక నుంచి. "వీడు సోమవారం కంప్యూటర్లో బాగా పెద్దది చేసి చూపించి, ఏం రాసుందే అని అడిగాడు. కిల్మోయి వారి అని ఉందిరా, వారి అంటే ఇంటిపేరు అని చెప్పా. అప్పట్నించి వీడికి అన్నం సయించట్లేదు."

అంటే కిల్మోయ్ గుమాస్తాల పొరపాటు కాదని సోమవారమే వాడికి తెలిసింది. నేను లేచి వాడి వైపు తిరిగాను. "నీ గోడ మీద ఆ స్కూలు రికార్డు నకలు ఉంది కదా, అందులో ఏముందో చదువు."

వాడు చూడకుండానే చెప్పాడు. "జేమ్స్. ఏజ్ సిక్స్. ఫాదర్, కిల్మోయ్, డెడ్. మదర్, నేటివ్ వుమన్. అంతే ఆంటీ."

"తండ్రి పేరు ఎవరు చెప్పారు?"

"మదర్ అయ్యుంటుంది."

"ఆదెమ్మ. మొగుడు పోయి నెలలు కాలేదు. పిల్లాణ్ణి చేత్తో పట్టుకుని ఫాదరీ ముందు నిలబడింది. పిల్లవాడి తండ్రి పేరేమిటి అని అడిగారు. ఆవిడ ఏం చేసి ఉంటుంది?"

జవాబు వాళ్ళ నాయనమ్మ నుంచి వచ్చింది.

"ఏం చేస్తుంది, తల వంచుకుని నుంచుని ఉంటుంది. మొగుడి పేరు నోటితో చెబుతామా? నేను చెప్పానా ఏనాడైనా? మీ తాతగారి పేరు ఇక్కడి డాక్టరమ్మ అడిగితే నిన్నే కదరా చెప్పమన్నాను. ఎనిమిదేళ్ళవాడివి. నువ్వే చెప్పావు."

"యా," అన్నాడు భార్గవ్ నెమ్మదిగా. "ఐ రిమెంబర్."

"ఆదెమ్మ పక్కన ఉన్నవాడికి ఆరేళ్ళు. వాడికి నాన్న అని తప్ప తెలియదు. పోనీ ఇంటిపేరైనా చెప్పమ్మా అని ఉంటారు. అది చెప్పడానికి ఏ అడ్డూ లేదు. చెప్పింది. ఫాదరీ అదే రాసుకున్నాడు. ఆ సిగ్గులోనే హోగన్ అన్న పేరు పోయింది. నువ్వు కిల్మోయ్ అనే మనిషి కోసం ఐర్లండంతా గాలించావు. అటువంటి మనిషి పుట్టలేదు."

"దెన్ వాట్ ఈజ్ కిల్మోయ్? ఐరిష్ పీపుల్‌కి హౌస్ నేమ్ ఉండదు ఆంటీ."

"లేదు. పెళ్ళికి ఈ గంగాళం కొన్నప్పుడు, పేరు కొట్టేవాడో మామగారో అడిగి ఉంటారు, అల్లుడి ఇంటిపేరేమిటని. ఇంటిపేరంటే ఏమిటని ఆయన ఎదురడిగి ఉంటాడు. వాళ్ళేం చెప్పి ఉంటారు? మీ ఇంటిపేరు తాడికొండ. అదేమిటో తెలుసా నీకు?"

"సర్‌నేమ్."

"ఊరురా," అంది విద్యావతమ్మగారు. "గుంటూరు దగ్గర. మీ ముత్తాతలది ఆ ఊరు. నీకెప్పుడూ చెప్పలేదా నేను?"

వాడు గంగాళం వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఒక్క ఉదుటున లోపలికి పరిగెత్తాడు. నేను వెనకే వెళ్ళేసరికి కంప్యూటరు ముందున్నాడు. ఇన్నాళ్ళూ మనిషి పేరు గడిలో కొట్టిన మాటను ఈసారి ఊరి పేరు గడిలో కొట్టాడు.

ఇప్పటి మ్యాపుల్లో ఆ పేరు లేదు. పాత సర్వే మ్యాపులో ఉంది. ఐర్లండు మొత్తానికీ ఒక్కటే కిల్మోయ్, క్లేర్ జిల్లాలో, తొమ్మిది ఇళ్ళ పల్లె. ఆ రోజుల్లో ఎవరి చేతి కింద ఎంత భూమి ఉందో దొరలు రాయించిన లెక్కలో ఆ తొమ్మిది ఇళ్ళూ ఉన్నాయి. మూడు హోగన్లవి. అక్కడి చర్చి బాప్తిస్మాల పుస్తకం తెరిచాడు. 1842, మార్టిన్. తండ్రి పేరు జేమ్స్ హోగన్.

"జేమ్స్," అన్నాడు భార్గవ్. "మార్టిన్ తన కొడుక్కి వాళ్ళ ఫాదర్ పేరు పెట్టాడు. వాళ్ళకీ ఆ కస్టమ్ ఉంది ఆంటీ. గ్రాండ్‌ఫాదర్ నేమ్, ఫస్ట్ సన్‌కి."

"మనకీ ఉంది" అన్నాను.

వాడు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఐ యామ్ సారీ. ఫ్లైట్ వెళ్ళిపోయాక పాట్ రిటర్న్ చేద్దామనుకున్నా. ప్రామిస్."

"నాకు చెప్పి ఏం లాభం? పోలీసులకు నీ పేరు చెప్పడమా మానడమా అనేది టీచరు ఇష్టం. లే, గంగాళం ఎత్తు. నువ్వే మోసుకొచ్చావు, నువ్వే మోసుకుపోవాలి."

వాడు దాన్ని కారులో పెడుతుంటే విద్యావతమ్మగారు గడప మీద నిలబడి ఆ అక్షరాల వంకే చూసింది. "నోటితో అనలేదు కదా పాపం," అంది. "అందుకే కొట్టించుకుంది అంత పొడుగు పేరు. తోముకున్నప్పుడల్లా వేలితో తడుముకోవచ్చు." ఆవిడ కళ్ళు చీర చెంగుతో అద్దుకుంది. నేను కారు స్టార్ట్ చేశాను, లేకపోతే నాకూ అదే పని పట్టేది.

మేం క్లైడ్ నార్త్ చేరేసరికి సాయంత్రం అయిదున్నర. నోరీన్ టీచరు వాకిట్లోనే నిలబడి ఉంది. భార్గవ్ గంగాళం మోసుకొచ్చి ముందుగదిలో పెట్టి, చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పేశాడు, ఏదీ దాచలేదు. ఆమె తిట్టలేదు. వాణ్ణి కాసేపు తరగతిలో అల్లరి పిల్లవాణ్ణి చూసినట్టు చూసి గంగాళం దగ్గర కూలబడింది.

"ఇట్ల మెరుస్తాదని నాకు తెలీదు మా."

ఆమె వేలు పట్టుకుని మొదటి చుక్క మీద పెట్టాను. మాట మాటకూ వేలు జరుపుతూ చదివి వినిపించాను. ఆదెమ్మ దగ్గర ఆమె వేలు చాలాసేపు ఆగింది. ఆ పేరు కూడా ఆమె వినడం అదే మొదటిసారి.

"మార్టిన్ హోగన్ మీ ముత్తాత."

"హోగన్ యాడిది మా? మేం కిల్మోయ్‌లు గదా."

"కిల్మోయ్ ఇంటిపేరు. ముప్పై అయిదేండ్లు మన పిల్లోల్ల పేర్లు రిజిస్టర్లో రాసినారు గదా టీచర్. మనోల్ల ఇంటిపేర్లు యాడనుంచి వస్తాయి?"

ఆమె పెదవులు కదిలాయి. ఎన్ని పేర్లు గుర్తుకొచ్చాయో, ఎందరు పిల్లలు కళ్ళముందు నిలబడ్డారో తెలియదు. "ఊర్లనుంచి," అంది చాలా నెమ్మదిగా.

భార్గవ్ ఫోన్ తీసి పాత సర్వే మ్యాపు చూపించాడు. కొండ వాలు, చిన్న వాగు, తొమ్మిది నల్లటి గుర్తులు, పక్కన ఆమె పేరు. ఆమె అద్దాలు పైకి తోసుకుని, దించుకుని, మళ్ళీ పైకి తోసుకుంది. ఎవరైనా ఊరు అడిగినప్పుడల్లా నవ్వులపాలవుతూ ఎనభై రెండేళ్ళు మోసిన మాట అది. సంతకంలో ఉంది, పాస్‌పోర్టులో ఉంది, గుంతకల్లు పిల్లలు కిల్మోయ్ టీచర్, కిల్మోయ్ టీచర్ అని పిలిచిన పిలుపులో ఉంది.

ఉన్నట్టుండి ఆమె అలమర వైపు తిరిగింది. రంగు మారిపోయింది మొహంలో.

"నేను వాణ్ణి దిద్దుతాంటి మా," అంది. "రోజూ. ఊరు కాదు క్లైవ్, అది నీ పేరు అని. ఆఖరి రోజు కూడా దిద్దితి."

ఆమె లేచి, గోడ పట్టుకుని నడిచి, ఆ చెక్కపెట్టె మీద అరచెయ్యి పెట్టింది. అట్లాగే నిలబడింది. టికెట్లు మార్చాలని, రాస్కామన్ వాళ్ళకు కబురు చెయ్యాలని, క్లేర్‌లో ఇంకా హోగన్లు ఉన్నారేమో కనుక్కోవాలని నా బుర్రలో పనులన్నీ తిరుగుతున్నాయి. శనివారం ఎంతో దూరంలో లేదు. కానీ ఆ నిమిషంలో ఆ గదిలో దేనికీ తొందర లేదు.

భార్గవ్ గొంతు సవరించుకున్నాడు. వాడికి వచ్చిన తెలుగంతా కూడదీసుకుని, ఒక్కొక్క మాటా పట్టి పట్టి అడిగాడు. "టీచర్, మీదే ఊరు?"

ఆమె చెయ్యి తీయకుండానే వెనక్కి తిరిగింది.

"మాది కిల్మోయ్ నాయనా," అంది. "మా తమ్ముడు చెప్పలా?"